లాప్‌టాప్ స్లీప్ నుంచి లేచాక టచ్‌ప్యాడ్ పనిచేయట్లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

మియాపూర్‌లో మెట్రో ఎక్కే ముందు లాప్‌టాప్ మూత వేసి బ్యాగులో పెడతాను. అమీర్‌పేట్‌లో మారి రాయదుర్గంలో దిగి, ఆఫీసులో మూత తీస్తే స్క్రీన్ వెలుగుతుంది, కీబోర్డ్ పనిచేస్తుంది, బాణం గుర్తు మాత్రం బిగుసుకుపోతుంది. రీస్టార్ట్ చేస్తే మామూలే. నిన్న మీటింగ్‌లో అందరి ముందూ ప్యాడ్‌ని గీకుతూ కూర్చుంటే మేనేజర్ గారు జాలిపడి తన మౌస్ ఇచ్చారు.

సిస్టమ్ విండోస్ 11. డివైస్ మేనేజర్‌లో (సిస్టమ్‌లోని భాగాల జాబితా) 'ఐ2సి హెచ్ఐడి డివైస్'ని, అంటే అక్కడ టచ్‌ప్యాడ్‌కున్న పేరే, డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేస్తే రీస్టార్ట్ లేకుండానే ప్రాణం వస్తోంది. మౌస్ లేకుండా, ట్యాబ్, బాణం కీలతో అక్కడిదాకా వెళ్లడం ఓ యజ్ఞం అనుకోండి. రిపేరు షాపులో ప్యాడ్ మార్చాలన్నారు కానీ, నాకైతే నమ్మకం లేదు. పాడైతే ఇలా లేచి కూర్చోదు కదా!

కరెంటు ఆదా కోసం డివైస్‌ని ఆపేసే టిక్ తీసేద్దామంటే, నా దాంట్లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబే లేదు. టచ్‌ప్యాడ్ డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కొత్తది వేస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది.

టచ్‌ప్యాడ్‌ని మదర్‌బోర్డుతో మాట్లాడించే చిప్‌సెట్, సీరియల్ ఐఓ డ్రైవర్లు కూడా మార్చాలా? బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో ఎవరికైనా ఈ సమస్య పోయిందా? లేక స్లీప్ మానేసి హైబర్నేట్ (పనంతా డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) పెట్టుకోమంటారా?