లెక్చర్ నోట్స్‌ల ఎంత అచ్చెయ్యాలె, ఎంత ఖాళీ వదలాలె?

హన్మకొండ_బయోకెమ్: ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌కు ఎంజైమ్ కైనెటిక్స్ (ఎంజైమ్‌లు చర్యను ఎంత వేగంగ నడుపుతయో చెప్పే పాఠం) హ్యాండవుట్ తయారైతున్నది. గంట క్లాసుకు నాలుగు ఏ4 పేజీలు. డిగ్రీ తెలుగు మీడియంల చదివినోళ్లు కూడా ఉన్నరు. ఏది ప్రింట్ చెయ్యాలె, ఏది రాయించాలె?

ఓరుగల్లు_మాస్టారు: సార్, నిర్వచనాలు, చివరి సమీకరణాలు, గుర్తుల అర్థాలు ప్రింట్ చెయ్యుండ్రి. డెరివేషన్ నడుమ మెట్లు, గ్రాఫులు ఖాళీ పెట్టుండ్రి. మైకెలిస్–మెంటెన్ గ్రాఫుకు అక్షాలు గీసి వదిలితే సాలు: నిలువుకు చర్య వేగం, అడ్డానికి సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) గాఢత. వక్రం వాళ్లే గియ్యాలె. గరిష్ఠ వేగంల సగం కాడ అడ్డగీత కొట్టి, వక్రాన్ని తాకినకాడి నుంచి కిందికి దించితే కేఎం, అంటే వేగం సగానికి చేరే సబ్‌స్ట్రేట్ గాఢత, దొరుకుతది. లైన్‌వీవర్–బర్క్‌ల (అవే రెండింటి విలోమాలతోని గీసే గ్రాఫు) గీతను వెనక్కి పొడిగిస్తే అడ్డం అక్షాన్ని −1/కేఎం దగ్గర తాకుతది. ఆ మైనస్‌ను పిల్లలు పోగొడుతరు, ఎందుకంటే మనం అక్షాన్ని సున్నా కాడనే ఆపి ప్రింట్ చేస్తం. ఎడమదిక్కు కూడా జాగ ఉంచుండ్రి. అన్నీ అచ్చేసి ఇస్తే క్లాసుల పెన్ను తియ్యరు.

భీమారం_రీడర్: తెలుగు మీడియం పిల్లలకు మొత్తం అనువాదం వద్దు, పరీక్ష ఇంగ్లిషుల రాసేటోళ్లయితే అది అడ్డమే. పేజీ అంచుకు 5 సెంటీమీటర్ల పట్టీ వదిలి, మొదటిసారి వచ్చిన పదానికి తెలుగు మాట ఒక్కటి ఇస్తే సాలు: ఇన్హిబిటర్ ఎదురుంగ నిరోధకం. తెలుగు 12 పాయింట్లకు తగ్గియ్యకుండ్రి, వరుసల నడుమ 1.4 పెట్టుండ్రి. లేకుంటే వత్తులు కింది వరుస గుడులకు తాకుతయ్.

కేయూ_క్రాస్‌రోడ్_ప్రింట్: స్లైడ్లు పేజీకి ఆరు వేస్తే 24 పాయింట్ల అక్షరం 5-6కు చిక్కిపోతది. రెండే వెయ్యుండ్రి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉంటే ప్రింట్ సెట్టింగ్‌ల ప్యూర్ బ్లాక్ అండ్ వైట్ ఎంచుకోవాలె. అను (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్) ఫాంట్ల ఫైల్‌ను వర్డ్‌ల తెచ్చిస్తే ఆ ఫాంట్ లేని కంప్యూటర్ల పిచ్చి గుర్తులైతయ్, పీడీఎఫ్ చేసి పట్కరాండ్రి. స్పైరల్‌కైతే మిర్రర్ మార్జిన్ (ఎడమ, కుడి పేజీల అంచులు అద్దంల లెక్క తిరగబడేటట్టు), లోపలి అంచు 2.5 సెంటీమీటర్లు.

హన్మకొండ_బయోకెమ్: పుస్తకాల పేజీలు కలిపితే కాపీరైట్ తిప్పలు ఉంటదా?

భీమారం_రీడర్: కోర్స్‌ప్యాక్‌ల (పుస్తకాల పేజీలు జిరాక్స్ తీసి కూర్చిన పాఠాల కట్ట) మీద 2016ల ఢిల్లీ హైకోర్టు తీర్పు ఉన్నది. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కింద బోధనకు అవసరమైనంత వరకు తప్పు కాదన్నది. పుస్తకం మొత్తం కాదు, సిలబస్‌కు కావల్సిన భాగమే. రచయిత, పుస్తకం పేరు, పేజీ నంబర్లు కింద రాయుండ్రి.

ఓరుగల్లు_మాస్టారు: ఇంకొకటి, మొదటి రోజే స్పైరల్ కొట్టియ్యకుండ్రి. రెండు రంధ్రాల పంచింగ్‌తోని విడి కాగితాలు ఇస్తే వాళ్లు చేసిన లెక్కల కాగితం అదే యూనిట్ నడుమ పెట్టుకోవచ్చు, తప్పు పడ్డ పేజీ ఒక్కటే మార్చచ్చు. యూనిట్, పేజీ, తేదీ పైమూలకు వెయ్యుడు మర్వకుండ్రి, సవరించిన కాగితం ఏదో గుర్తుపట్టేది దానితోనే.