జూలో లెమూర్ ఏ జాతిదో ఫొటో చూసి చెప్పేయొచ్చా? బోర్డు నమ్మాలా, కన్ను నమ్మాలా?

కపిలతీర్థం కుర్రోడు:
అందరికీ నమస్తే. మా మేనమామ కూతురు జర్మనీలో ఉంటాది, పిల్లల్ని తీసుకోని జూకి పోయి లెమూర్ల ఫొటోలు (మడగాస్కర్ అడవుల్లో ఉండేవి, కోతులకి దూరపు చుట్టాలు) ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. ఒకే కొమ్మ మీద రెండు కూర్చోని ఉండాయి. ఒకటి బూడిద రంగు, నడినెత్తి మాత్రం ఇటుక రంగు, ముక్కు మీద నుంచి నుదురు దాకా నల్ల గీత, కళ్ళ పైన తెల్ల మచ్చలు. రెండోది ఒళ్ళంతా ఎర్రగోధుమ, తల బూడిద. బోర్డు మీద రెండిటికీ కలిపి 'రెడ్ ఫ్రంటెడ్ లెమూర్' అని ఒకటే పేరు. మా ఇంట్లో అందరూ ఇవి రెండు జాతులు, జూ వాళ్ళు చూసుకోకుండా రాసేశారు అని ఒకటే గొడవ. నేనేమంటానంటే ఫొటో క్లియర్ గా ఉంటే జాతి చెప్పేయొచ్చు, బోర్డుతో పని లేదు. మీరేమంటారు?

చంద్రగిరి చలపతి:
తమ్ముడూ నీ మాట కరెక్టే గానీ మీ ఇంట్లో వాళ్ళ మాట కాదు. బూడిదది మగది, ఎర్రది ఆడది, అంతే. బ్రౌన్ లెమూర్లలో చాలావాటికి ఆడామగా రంగులు వేరే. కానీ బోర్డు మాత్రం తప్పే అంటా. 2001 దాకా వీటన్నిటినీ ఒకే బ్రౌన్ లెమూర్ కింద ఉపజాతులు అనేవాళ్ళు, తర్వాత విడగొట్టారు, ఆ రెడ్ ఫ్రంటెడ్, అంటే ఎర్రనుదురు వాటిని కూడా మళ్ళీ రెండు చేశారు. మడగాస్కర్ పడమర దిక్కు త్సిరిబిహినా నదికి ఉత్తరాన ఉండేది రూఫస్, దక్షిణానా తూర్పు అడవుల్లోనా ఉండేది రూఫిఫ్రాన్స్, ఇప్పుడు రెడ్ ఫ్రంటెడ్ అనేది దీన్నే. నీ ఫొటోలో కళ్ళ పైన తెలుపు చూడు ఎంత కొట్టొచ్చినట్టు ఉండాదో, అది రూఫస్. రాసి పెట్టుకో.

మదనపల్లె జువాలజీ మేడం:
చలపతి గారూ, నది అవతల ఇవతల అనేది అడవిలో పనికొస్తుందండీ, జూలో నది ఎక్కడుంది? అడవిలో మనం సగం జాతి చెప్పేది జంతువుని చూసి కాదు, అది దొరికిన చోటుని చూసి. బోనులో ఆ చోటు అనేది తీసేస్తే మిగిలేది బొచ్చు రంగు ఒక్కటే, ఆ రంగు ఎండకీ వయసుకీ ఫోన్ కెమెరాకీ మారిపోతుంది. అందులోనూ ఆడవాటి సంగతి మరీ కష్టం. తెల్లతల లెమూర్ మగదైతే తల తెల్లగా ఉంటుంది కాబట్టి ఎవరైనా చెప్తారు, దాని ఆడది బూడిద తల వేసుకుని మిగతా బ్రౌన్ లెమూర్ ఆడవాటిలో కలిసిపోతుంది. నల్ల లెమూర్ కథ తెలుసు కదా, మగది నల్లన, ఆడది గోధుమ రంగు, చెవుల దగ్గర తెల్ల కుచ్చులు. 19వ శతాబ్దంలో ఆ ఆడదానికి వేరే జాతి అని ఏకంగా లాటిన్ పేరు పెట్టేశారు, పెట్టింది చదువురానివాళ్ళేం కాదు.

ఇంకో సంగతి. ఈ జాతులు ఒకదాంతో ఒకటి జత కడతాయి. బెరెంటీ అని దక్షిణ మడగాస్కర్ లో ఒక ప్రైవేటు రిజర్వు ఉంది, అక్కడ అసలు లేని ఎర్రనుదురు లెమూర్లని 1970ల్లో తెచ్చి వదిలారు, తర్వాత కాలర్డ్ లెమూర్లు, అవీ బ్రౌన్ లెమూర్లలో ఇంకో జాతే, కొన్ని వచ్చి చేరాయి, ఇప్పుడు అక్కడున్నది రెండూ కలిసిన మంద. ఎర్రనుదురు దానికి క్రోమోజోములు 60, కాలర్డ్ దానికి 50, 52 అలా ఉంటాయి, అయినా పిల్లలు పుట్టి ఆ పిల్లలకీ పిల్లలు పుట్టారు. మరి జాతుల్ని విడగొట్టకముందు జూలలో అన్నీ బ్రౌన్ లెమూర్లే కదా అని కలిపి పెంచిన రోజుల సంగతేంటి? మీ ఫొటోలో మగదాని తాత ఎవరో తెల్ల మచ్చ చెప్పదు.

పుంగనూరు పాలబ్బాయి:
లెమూర్లు నాకు తెలీదు గానీ మేడం చెప్పేది మా ఊర్లో రోజూ చూస్తా ఉండాం. పొట్టిగా ఉండే ఆవుని ఏది చూసినా పుంగనూరు అని చెప్పి హైదరాబాద్ ఫామ్ హౌసులోళ్ళకి లక్షలకి అమ్ముతా ఉండారు. కొనేవాడు ఎత్తు కొలుచుకోని పోతాడు. దూడ పుట్టి పెరిగి పెద్దదైనాక తెలుస్తాది సంగతి 😄 పలమనేరు ఫారంలో అయితే తల్లి ఎవరు తండ్రి ఎవరు అని రికార్డు ఉంటాది, ఆ కాగితమే జాతి, ఎత్తు కాదు.

చంద్రగిరి చలపతి:
అట్ల అయితే ఎవురూ ఏమీ చెప్పకూడదా ఇంక? నీలి కళ్ళ లెమూర్ ఉండాది, మనుషుల్ని పక్కన పెడితే నీలి కళ్ళు మామూలుగా ఉండే ప్రైమేట్ (కోతులు, లెమూర్లు, మనుషులు ఉండే గుంపు) అదొక్కటే అంటారు, చెవి కుచ్చులు కూడా ఉండవు. దాని ఫొటో చూపించినా డీఎన్ఏ రిపోర్టు తెమ్మంటారా? రింగ్ టెయిల్డ్ లెమూర్ ని తోక మీద నలుపు తెలుపు చారలు చూసి చిన్నపిల్లోడు చెప్తాడు. అయినా జూకి పోయే జనం బోర్డు చదివి ఫొటో తీసుకునేది, వాళ్ళకి వంశవృక్షం ఎందుకు?

మదనపల్లె జువాలజీ మేడం:
తోక చూసి చెప్పేవి చెప్పండి, ఎవరు వద్దన్నారు. నీలి కళ్ళు కూడా సరే, ఒక్క మాటతో: మామూలు నల్ల లెమూర్ కీ దీనికీ హద్దులో మనోంగారివో అడవిలో కళ్ళ రంగు మధ్యరకంగా ఉండేవి కనపడతాయి. నా గొడవ అరుదైన వాటి గురించి. 2020లో ఐయూసీఎన్ (అంతరించిపోయే జాతుల లెక్క తీసే అంతర్జాతీయ సంస్థ) లెక్క ప్రకారం 107 లెమూర్ జాతుల్లో 103 ప్రమాదంలో ఉన్నాయి. ఆ నీలి కళ్ళదైతే అత్యంత ప్రమాదం వరసలో ఉంది. అలాంటి జంటని కలపాలంటే పెద్ద జూలు స్టడ్ బుక్ తీస్తాయి, ఏ జంతువు ఎక్కడ నుంచి వచ్చింది, దేనికి పుట్టింది అని. ఆ పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉంటే ఆ జంతువుని అందంగా చూపించుకుంటారు, జత మాత్రం కట్టరు. పొరపాటు పేరుతో జత కడితే తర్వాత విడదీయడానికి ఏమీ ఉండదు. ఇక చిట్టి మౌస్ లెమూర్లంటారా, ఒకప్పుడు రెండే జాతులనుకున్నారు, జన్యువులు చూసి 20 దాటించారు, వాటిని ఫొటోలో విడదీసేవాళ్ళకి దండం పెడతా.

తలకోన ట్రెక్కర్:
మన దగ్గరకే రండి సార్. శేషాచలంలో దేవాంగపిల్లి (ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్) ఉండాది, లెమూర్లకి దూరపు చుట్టమే, అదే తడి ముక్కు, కింది పళ్ళు దువ్వెన మాదిరి ముందుకి, కాలి రెండో వేలికి గీరుకునే గోరు, తోక మాత్రం లేదు. దీన్నీ శ్రీలంక దాన్నీ కలిపి ఒకే జాతి అని చదువుకున్నాం, ఇప్పుడు శ్రీలంక ఎర్రది వేరు, మనది వేరు, మనదాంట్లో మళ్ళీ ఈ పక్క బూడిదది, మలబారు పక్క చిన్నగా ఎర్రగా ఉండేది. ఒక జూ బోర్డు మీద పాత పేరే ఇంకా ఉండాది, పేరు చెప్పను. చేతబడికి పట్టుకునేవాళ్ళ దగ్గర ఎప్పుడన్నా ఒకటి దొరికితే మొదట అడగాల్సింది ఇది ఏ జాతి అని కాదు, యాడ పట్టినారు అని. దొంగ నిజం చెప్పడు. రెండూ ఒకటే అని పడమటి కనుమల్ది తెచ్చి తలకోనలో వదిలితే మన కళ్ళకి తేడా తెలీదు, అడవికి తెలుస్తాది. వాటికి రాత్రి టార్చ్ వేస్తే కళ్ళు ఎర్రగా మెరుస్తాయి, అంతకంటే ఏమీ కనపడదు కూడా.

కపిలతీర్థం కుర్రోడు:
అక్కకి మెసేజ్ పెట్టినా, ఆ జూ వాళ్ళకి మెయిల్ రాసి ఆ రెండిటి తల్లిదండ్రుల రికార్డు ఏముందో అడగమని. ఆమె 'లెమూర్ పెళ్ళి సంబంధం చూస్తా ఉండావా రా' అనింది. మేడం, రికార్డు రాకపోతే బోర్డు మీద ఏమి రాయాలంటారు?

మదనపల్లె జువాలజీ మేడం:
బ్రౌన్ లెమూర్ గుంపు, మూలం తెలియదు అని రాయొచ్చు. చూసేవాళ్ళకి ఏం నష్టం లేదు.

చంద్రగిరి చలపతి:
మూలం తెలియదు అని రాస్తే ఎవురు నిలబడి చూస్తారు మేడం? నేనైతే రూఫస్ అనే అంటా. తమ్ముడూ ఆ ఆడదాని గడ్డం కనపడేట్టు, నీడలో తీసిన ఫొటో ఏదన్నా ఉంటే పెట్టు, మాట్లాడుకుందాం.