లూజు సరుకులా, ప్యాకెట్లా? చెత్త, ఖర్చు రెండూ తగ్గేదెలా?

మూడో అంతస్తు:
హైదరాబాద్‌లో అద్దె ఫ్లాటు, నలుగురం. పొడి చెత్త బుట్ట తీస్తే అన్నీ పప్పుల కవర్లు, పాల కవర్లే. డబ్బాలు, సంచులు పట్టుకెళ్లి కిరాణా కొట్లో లూజుగా తెచ్చుకుంటే చెత్తా ఖర్చూ తగ్గుతాయా? లేక సూపర్‌మార్కెట్ ఆఫర్లే నయమా?

గోదారి గట్టు:
లూజే కొనండి. కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం మేం గుడ్డ సంచుల్లోనే తెస్తాం. కావలసినంతే తెస్తే పురుగు పట్టి పారేసేది ఉండదు. ఆఫర్ అని ఐదు కిలోల రవ్వ మోసుకొచ్చి సగం పిట్టలకు పోసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నూనె కూడా గానుగ దగ్గర స్టీలు క్యాన్‌లో పట్టించుకుంటాం.

లెక్క ప్రకారం:
పప్పు వరకు సరే. నూనె మాత్రం వద్దు. విడి నూనె అమ్మకాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి, రాష్ట్రం మినహాయింపు ఇస్తే తప్ప. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి జనం ఒళ్లు వాచి ఆసుపత్రుల పాలయ్యారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు.

గోదారి గట్టు:
ఢిల్లీ ఆవనూనెకీ మా పల్లీల గానుగకీ ఏం సంబంధమండీ? కళ్ల ముందే గింజలు పోసి ఆడించి ఇస్తాడు. ప్యాకెట్ మీద అచ్చేసింది నమ్ముతారు, కళ్లతో చూసింది నమ్మరు.

సాయంత్రం టీ:
గానుగ నూనె ధర చూశారా? ఆయన అడిగింది పొదుపు గురించి.

మూడో అంతస్తు:
నూనె పక్కన పెట్టండి. పాల కవర్ల సంగతేంటి?

పాత సామాన్లు:
కడిగి ఆరబెట్టి పోగేస్తే మా వైపు పాత సామాన్లవాళ్లు కిలోల లెక్కన కొంటారు. మూల మాత్రం పూర్తిగా కత్తిరించకండి. ఆ చిన్న ముక్క ఎవరూ ఏరరు, చివరికి కాలవలో తేలుతుంది. ముక్క కవర్‌కే అంటుకుని ఉండేలా కోయండి. లోపల వెండి పొర ఉన్న చిప్స్ కవర్లు, జిడ్డు నూనె ప్యాకెట్లు ముట్టుకోరు.

లెక్క ప్రకారం:
కడగడానికి నీళ్లో? వేసవిలో మాకు ట్యాంకరే గతి.

గోదారి గట్టు:
చెంబుడు నీళ్లు చాలు. అవే కరివేపాకు మొక్కకు పొయ్యొచ్చు, మనసుంటే.

లెక్క ప్రకారం:
మనసు సంగతి సరే, మీ ఇంట్లో కడిగేది ఎవరు?

గోదారి గట్టు:
మా ఆవిడ. అలవాటైన పని, ఐదు నిమిషాలు పట్టదు.

లెక్క ప్రకారం:
అదిగో! మా మామగారిదీ ఇదే మాట. బాల్కనీ దండెం నిండా క్లిప్పులు పెట్టిన పాల కవర్లు, చున్నీ ఆరేయడానికి చోటుండదు. బీరకాయ పొట్టు పారేయకూడదు, పచ్చడి చెయ్యాలి. ఎరువు కుండలో ఎండాకులు వెయ్యమంటే వినరు, మిగిలిన సాంబారు వంపుతారు. పురుగులు లుకలుకలాడితే ముక్కు మూసుకుని కలిపేది నేను, ఎనిమిదింటికి ఆఫీసు బస్సు పెట్టుకుని. నెలాఖరున ఎంత మిగిల్చామో ఆయన అందరికీ చెప్తారు. నా పొద్దంతా ఎవరి ఖాతాలో రాశారో చెప్పరు. ప్యాకెట్ కొందామనేది అందుకే. నా గొడవ నూనెతో కాదు.

సాయంత్రం టీ:
క్లిప్పులు మగవాళ్లు పెట్టినా కవర్లు ఆరతాయి. నేను పెడుతున్నా.

గోదారి గట్టు:
ఇంటి గొడవలు ఇక్కడెందుకమ్మా? జవహర్‌నగర్ చెత్త గుట్ట పక్కన బతికేవాళ్లను అడుగు వాసన ఎలా ఉంటుందో. మనం బద్ధకించి పారేసింది చేరేది అక్కడికే.

లెక్క ప్రకారం:
బద్ధకమా? రేపట్నుంచి ఎరువు కుండ మామగారికే అప్పజెప్తున్నా. మీరూ ఒక నెల కవర్లు కడిగి, ఆరేసి, అప్పుడు వచ్చి చెప్పండి ఐదు నిమిషాలో కాదో.

మూడో అంతస్తు:
పప్పులు, బెల్లం లూజుగా తెస్తాం. కడగడం ఎవరి వంతన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.

గోదారి గట్టు:
కడుగుతానమ్మా, దానికేం. గానుగ నూనె కల్తీ అన్నావే, ఆ మాట ముందు వెనక్కి తీసుకో.