పెద్దవాళ్లు లేని గురుకులం ఎన్నాళ్లు నడుస్తుంది?

వెన్నెలరాత: టీనేజ్ సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నా. పాలమూరు వైపు ఒక గురుకులం. 17 ఏళ్లు దాటినవాళ్లంతా ఒక్క రాత్రిలో పోతారు, 120 మంది పిల్లలు మిగులుతారు. మేడ మీద సోలార్, 10,000 లీటర్ల ట్యాంకు. మూడో వారం దాకా కరెంటూ నీళ్లూ ఉంచేశా. నమ్ముతారా?

లోడ్‌షెడ్డింగ్: సోలార్ దగ్గరే దొరికిపోతారు. అది ఆన్‌గ్రిడ్, అంటే కరెంటు లైనుకు కలిపింది అయితే, లైన్లో కరెంటు పోగానే ఇన్వర్టరూ ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా పెట్టారు. ఆ లైన్లో కరెంటూ నిలవదు. థర్మల్ ప్లాంటు చూసేవాళ్లు లేకపోతే అందులో యంత్రాలు ట్రిప్పవుతాయి, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారి మిగతా ప్లాంట్లూ పడిపోతాయి. మూడు వారాలు కలలో మాట. పక్క పొలంలో గ్రిడ్‌కు కలపని సోలార్ పంపుసెట్టు పెట్టుకోండి. మబ్బేస్తే నీళ్లుండవు, కొట్లాటకు అది చాలు.

బోరింగువాషర్: మనిషికి అన్నిటికీ కలిపి 15 లీటర్లు అనుకున్నా రోజుకు 1,800. ఆరో రోజు ట్యాంకు ఖాళీ, అదీ ఎవరూ నల్లా తిప్పి వదిలేయకపోతే. ఆపైన బోరింగే దిక్కు. ఇండియా మార్క్ 2 చేతిపంపు నిమిషానికి 12 లీటర్లు ఇస్తుందనుకుంటే, రెండున్నర గంటలు ఆపకుండా కొట్టాలి.

ముందు అరిగేది లోపలి వాషర్. ఎన్నిసార్లు కొట్టినా నీళ్లు పైకి రావు. అది మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాల్సిందే. 30 మీటర్ల లోతుకు 3 మీటర్ల పైపులు పది, లోపలి రాడ్లతో కలిపి వంద కిలోలు దాటుతుంది. ఒక్కో పైపు విప్పేటప్పుడు కింది బరువంతా పైపును పట్టి ఉంచే క్లాంపు మీదే. అది జారిందా, మొత్తం బోర్లో పడిపోతుంది. మీ పెద్ద సీను ఇదే, దొంగల ముఠా అక్కర్లేదు.

బావి నీళ్లయితే 1,000 లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి గంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు పటిక వేసి తేర్చాలి. మూత పెట్టని డబ్బాలో పౌడర్ పస పోతుంది, వాసన ఉన్నా పనిచేయదు.

వెన్నెలరాత: సోలార్ తీసేశా. తిండి సంగతి?

గింజలలెక్క: మనిషికి అరకిలో చొప్పున రోజుకు 60 కిలోల బియ్యం. స్టోర్ అయిపోయాక ఊళ్లో వడ్లుంటాయి గానీ మిల్లు తిరగదు. 75 కిలోల బస్తా మరపట్టిస్తే 50 కిలోల దాకా వస్తుంది, రోట్లో దంచితే నూక ఎక్కువ. రోకలి పట్టడం వచ్చిన పిల్ల ఒక్కతైనా ఉందా మీ కథలో?