పెళ్లికి ముందు హెచ్‌ఐవీ టెస్టు తప్పనిసరి చేయాలా?

అలిపిరి వాసి: తిరుమల కల్యాణ వేదికలో ఉచితంగా పెళ్లి చేసుకోవాలంటే ఆధార్, వయసు రుజువు చూపించాలి. వాటితో పాటు ఇద్దరి హెచ్‌ఐవీ రిపోర్టు కూడా అడిగితే తప్పేముంది? జాతకాలు నలుగురు పంతుళ్లకు చూపిస్తాం, రక్తపరీక్ష అంటే మాత్రం ముఖం తిప్పుకుంటాం.

పీలేరు అన్న: కచ్చితంగా అడగాల్సిందే. మా బంధువులమ్మాయికి కడుపుతో ఉన్నప్పుడు చేసిన టెస్టులో బయటపడింది. అబ్బాయికి పెళ్లికి ముందే తెలుసంట!

ల్యాబ్ అక్క: ఆ అమ్మాయి గురించి చదివితే బాధగా ఉంది. కానీ రూలు పెడితే ఆగుతుందా అన్నా? 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషి ఒప్పుకోకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఎదుటివాళ్లకు సోకకుండా జాగ్రత్త పడాలని కూడా అదే చట్టం చెబుతుంది. ఇక టెస్టు సంగతి. వైరస్ ఒంట్లోకి వచ్చాక టెస్టు వెతికే యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునేవి) కనిపించడానికి మూడు వారాల నుంచి మూడు నెలలు పట్టొచ్చు. ఆ మధ్యలో నెగెటివ్ కాగితం పట్టుకుని నిశ్చింతగా ఉంటే ఎట్లా? పైగా తెలిసి దాచేవాడు వేరేవాళ్ల రక్తం ఇచ్చి కాగితం తెచ్చుకుంటాడు. దొరికిపోయేది ఏమీ తెలియని అమాయకుడే, అదీ ఊరంతా తెలిసేలా.

పీలేరు అన్న: అంతా బాగుందక్కా, మరి అమ్మాయి ఎట్లా అడుగుతుంది? పెళ్లిచూపుల్లో అడిగితే "మావాడి మీద అనుమానమా" అని లేచిపోతారు. రూలుంటే ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

ల్యాబ్ అక్క: అది మాత్రం నిజం. నా దగ్గరా దానికి పూర్తి జవాబు లేదు. తలసీమియా, షుగరు, బ్లడ్ గ్రూపుతో కలిపి రెండువైపులా చేయించుకుందామంటే అంత నొచ్చుకోరు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం ఉంది, టెస్టు ఉచితం, కౌన్సెలింగ్ కూడా ఇస్తారు. ఇంకోమాట, పాజిటివ్ వస్తే పెళ్లి గతి అంతే అనుకోవద్దు. మందులు సరిగా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షకు అందనంత తగ్గి, అట్లాగే ఉంటే కలయిక ద్వారా సోకదు. తల్లికి ముందే మందులు మొదలుపెడితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపుకు తగ్గుతుంది.

అలిపిరి వాసి: రిపోర్టు అబ్బాయి చేతికే ఇస్తే మళ్లీ దాచేస్తాడు కదా?

ల్యాబ్ అక్క: ఇద్దరూ ఇష్టపడి కలిసి వెళ్లి, కౌన్సెలర్ ముందే ఫలితం వినమనండి. పెద్దవాళ్లు బయట కూర్చోవాలి. టెన్షన్‌గా ఉంటే ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, పేరు చెప్పక్కర్లేదు.