ఐసు కరగడం, ఉప్పు కరగడం: ఒకే మాటతో సరిపోతుందా?

ఐసుకీ ఉప్పుకీ ‘కరగడం’ అనే ఒకే మాట వాడుతున్నామని, మెల్ట్, డిజాల్వ్ లాంటి తేడా తెలుగులో ఎలా చూపాలని ఒక సైన్స్ టీచర్ గారు అడిగారు. చాలామంది ద్రవీభవనం, విలీనం అని విడగొట్టమన్నారు. నాకది అవసరం అనిపించదు. తేడా మన వాక్యంలో ముందే ఉంది. అది క్రియలో కాదు, విభక్తిలో కనిపిస్తుంది.

ఎండకు ఐసు కరిగింది. సెగకు వెన్న కరిగింది. నీళ్ళలో ఉప్పు కరిగింది. పాలలో చక్కెర కరిగింది.

‘కు’ ఉన్నచోట ఆ వస్తువు వేడి తీసుకుని తానే ద్రవమవుతోంది. ‘లో’ ఉన్నచోట ఇంకో ద్రవంలో కలిసిపోతోంది. దీని తిరుగుదారి చూసినా తేడా తెలుస్తుంది. కరిగిన నెయ్యి చల్లబడితే పేరుకుంటుంది, ఐసు నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయి. కరిగిన ఉప్పు పేరుకుందని మాత్రం ఎవరూ అనరు. నీళ్ళు ఇగిరిపోతేనే అది తిరిగొస్తుంది. నౌపాడ, చినగంజాం ఉప్పుమడుల్లో జరిగేది అదే. అక్కడ దాన్ని ఉప్పు పండించడం అంటారు, ఎంత చక్కటి మాటో!

‘గ్లాసు నీళ్ళలో ఐసుముక్క కరిగింది అంటాం కదా, అక్కడా లో ఉందే’ అని ఒకరు పట్టుకున్నారు. మంచి ప్రశ్న. అక్కడ నీళ్ళు ఐసు ఉన్న చోటు, దానికి వేడి ఇచ్చేవీ అవే. అందుకే అవి చల్లబడతాయి. 0 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము ఐసు నీరు కావాలంటే సుమారు 80 క్యాలరీల వేడి కావాలి. అంత వేడితో ఒక గ్రాము నీటిని 0 నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా కాయవచ్చు! ఆ వేడంతా ఐసులో అణువుల పట్టు విడిపించడానికే ఖర్చవుతుంది. కాబట్టి ఐసు మొత్తం కరిగేదాకా థర్మామీటరు 0 దగ్గరే ఉంటుంది. 1760ల్లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఈ దాగిన వేడిని కొలిచాడు. మన పుస్తకాల్లో ‘గుప్తోష్ణం’ అన్నది దీన్నే. పిల్లలకు గుప్తం అంటే దాగినదని చెబితే చాలు, సగం పాఠం ఆ పేరులోనే ఉంది.

అసలు కష్టమైన ఉదాహరణ కుల్ఫీ బండి దగ్గర ఉంది. అచ్చుల చుట్టూ ఐసు ముక్కలు పోసి రాళ్ళ ఉప్పు చల్లుతారు. అప్పుడు ఉప్పుకు ఐసు కరుగుతుంది, ఆ నీళ్ళలో ఉప్పు కరుగుతుంది. రెండు కరగడాలూ ఒకే కుండలో! పైగా ఇక్కడ ‘కు’ వచ్చింది కానీ కారణం వేడి కాదు. 0 డిగ్రీల దగ్గర ఐసు నుంచి కొన్ని అణువులు నీళ్ళలోకి వస్తుంటాయి, అన్నే తిరిగి ఐసుకు అంటుకుంటుంటాయి. నీళ్ళలో ఉప్పు చేరితే తిరిగి అంటుకునేవి తగ్గుతాయి, అందుకని ఐసు కరుగుతూ పోతుంది. కరగడానికి వేడి కావాలి కదా, పొయ్యి లేదు. తన నుంచి, పక్కనున్న ఉప్పునీళ్ళ నుంచి, అచ్చులో పాల నుంచి లాగేస్తుంది. ఉప్పు పాళ్ళు సరిగ్గా కుదిరితే ఆ మిశ్రమం సున్నాకు 21 డిగ్రీల కింది దాకా పోగలదు. పాలు గట్టిపడేది అందుకే. కాబట్టి ‘కు’ చెప్పేది కారణాన్ని, ఆ కారణం ఎక్కువసార్లు వేడి అవుతుంది అంతే. సూత్రాన్ని ఇలా సవరించి చెబితే కుల్ఫీ కూడా అందులో ఇముడుతుంది.

ఇక విలీనం అన్న మాట బ్యాంకులకీ పార్టీలకీ వెళ్ళిపోయింది. ఉప్పు విలీనమైందంటే ఏడో తరగతి పిల్లవాడికి ఏం అందుతుంది? ద్రవీభవనం పరీక్షల కోసం ఉండనివ్వండి. కానీ ద్రవం, ద్రావణం (ఉప్పునీళ్ళ లాంటి, ఒకటి కరిగి కలిసిన ద్రవం) రెండూ పారడం అనే అర్థమున్న ‘ద్రు’ ధాతువు నుంచే వచ్చాయి. అంటే సంస్కృతంలోనూ ఈ రెండు పనులకీ మూలం ఒకటే, తెలుగును తప్పుపట్టే పని లేదు.

పాకం సంగతి ఇంకా మిగిలింది. బెల్లంలో కాసిని నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టినప్పుడు ‘సెగకు కరిగింది’ అంటారా, ‘నీళ్ళలో కరిగింది’ అంటారా? మా ఇంట్లో రెండూ వినపడతాయి. నా లెక్కన బెల్లం కరిగేది నీళ్ళలోనే, సెగ దాన్ని త్వరపెడుతుంది. మీ వైపు ఏమంటారో, వేరే క్రియ ఏదైనా వాడతారేమో ఊరి పేరుతో సహా రాయండి.