ఇంటి వెనకాల గ్యాస్ బావి: డెంటన్‌లో ఇల్లు కొనొచ్చా? ఫ్రాకింగ్ భయం నిజమా, హడావుడా?

కొత్తింటి_వేట
డాలస్ ఇళ్ల ధరలు చూసి దణ్ణం పెట్టి, టెక్సాస్‌లోనే ఉన్న డెంటన్ ఊరి వైపు వెతుకుతున్నాం. పాపకు రెండేళ్లు. శనివారం చూసిన ఇల్లు తూర్పు ముఖం, వంటిల్లు ఆగ్నేయంలో. అమ్మ వీడియో కాల్‌లో చూసి "ఇంకేం ఆలోచించకురా" అంది. పెరటి ఫెన్స్ అవతల రోడ్డు దాటితే, చుట్టూ గోడ కట్టిన స్థలం ఒకటుంది. కరెంటు సబ్‌స్టేషన్ అనుకున్నా. గేటు సందులోంచి చూస్తే ట్యాంకులు, పైపులు. గ్యాస్ బావి అట. నడిచి చూస్తే 300 గజాలు కూడా లేదు. ఏజెంటేమో "పాత బావి, ఎప్పుడో ఫ్రాకింగ్ అయిపోయింది, ఇప్పుడేం ఉండదు" అంటాడు. ఆఫీసులో ఒకాయనేమో కుళాయి నీళ్లకు నిప్పంటుకుంటుందని భయపెట్టాడు. అసలు ఫ్రాకింగ్ అంటే ఏం చేస్తారు? ఎవరి మాట నమ్మాలి?

రిగ్గు_మనిషి
పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. నాకు అన్నం పెట్టేది ఇదే కాబట్టి, నా మాటల్లో ఆ మేరకు తరుగు తీసేసి చదువుకోండి.

మొదలు మన బోరులాగే ఉంటుంది. రెండు కిలోమీటర్లకు పైగా నిలువుగా దిగి, తర్వాత మెల్లగా వంచి, ఇంకో కిలోమీటరో రెండో అడ్డంగా పోతారు. డెంటన్ కింద ఉన్నది బార్నెట్ షేల్ అనే రాతి పొర. రాయి నిండా గ్యాసే, కానీ బయటికి దారి లేదు. స్టీలు కేసింగ్ దించి, దాని చుట్టూ సిమెంటు నింపి, అడుగున చిన్న పేలుడు గుళ్లతో కేసింగ్‌కు చిల్లులు పెడతారు. అప్పుడు నీళ్లు, ఇసుక, కొద్దిగా రసాయనాలు కలిపి కొడతారు. మీ బైకు టైరులో 30 పీఎస్‌ఐ ఉంటుంది కదా, ఇక్కడ 9 వేల దాకా పోతుంది. రాయి పగులుతుంది. ఒత్తిడి తీసేయగానే ఆ పగులు మళ్లీ మూసుకోవాలి. కానీ తలుపు సందులో చెప్పు పెట్టినట్టు ఇసుక అడ్డం నిలబడుతుంది. ఆ సందులోంచి గ్యాస్ వస్తుంది. 1947లో కాన్సాస్‌లో మొదటిసారి చేసిన పనే ఇది. 1990ల చివర జార్జ్ మిచెల్ కంపెనీ బార్నెట్‌లో పల్చటి నీళ్లతో చవగ్గా చేసి చూపించాక ఊరూరా పాకింది.

నిప్పంటుకునే కుళాయి సంగతి. పగుళ్లు పైకి పోయేది కొన్ని వందల అడుగులు. తాగే భూగర్భ జలం ఉండేది చాలా పైన. మధ్యలో మైలు మందాన రాయి ఉంది. పైగా డెంటన్ టౌనుకు వచ్చేవి లూయిస్‌విల్, రే రాబర్ట్స్ చెరువుల నీళ్లు. మీ కుళాయికి ఆ భయం లేదు.

పిట్స్‌బర్గ్_పద్మ
రిగ్గు గారూ, మైలు మందం రాయి సరే. ఆ రాయిని మీ బావే నిలువునా పొడిచింది కదా! కేసింగ్ చుట్టూ సిమెంటు సరిగ్గా పట్టకపోతే, పైపు వెంబడే గ్యాస్ ఎక్కి వస్తుంది. మా పెన్సిల్వేనియాలో డిమాక్ అనే పల్లెలో జరిగింది ఇదే. 2009 జనవరి 1న ఒకరింటి మంచినీళ్ల బావి పేలింది. కేసు 2022 దాకా సాగి, చివరికి కంపెనీ ఆరోపణల్ని ఖండించకుండా కోర్టులో తలొంచింది. అక్కడి ఇళ్లకు చెరువు నీళ్లు లేవు, ఎవరి బావి వాళ్లదే.

"కొద్దిగా రసాయనాలు" అన్నారు. బార్నెట్‌లో ఒక బావికి కోటిన్నర లీటర్ల నీళ్లు మామూలు సంగతి. హైదరాబాద్ లెక్కలో చెప్పాలంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 3 వేలు. అందులో అర శాతం రసాయనం అన్నా 75 వేల లీటర్లు. శాతాల్లో చెబితే చిటికెడు ఉప్పులా వినిపిస్తుంది.

గోంగూర_టెక్సాస్
అందులో కొంత మన కూరే అక్కా 😄 నీళ్లను చిక్కబరచడానికి వాడే గ్వార్ గమ్ అంటే గోరుచిక్కుడు గింజల పిండి. ప్రపంచంలో ఎక్కువ భాగం రాజస్థాన్ చుట్టుపక్కల పండేదే. 2012లో ధర ఎంత ఎగబాకిందంటే ఫ్యూచర్స్ ట్రేడింగే ఆపేశారు.

అనంత_బోరు
మా వైపు ఎండిన చేతిపంపు బోర్లకు కూడా హైడ్రో ఫ్రాక్చరింగ్ చేసేవారు. లారీ మీద పంపు తెచ్చి, ఉత్త నీళ్లు ఒత్తిడితో కొడితే రాతి సందులు తెరుచుకుని ఊట పెరిగేది. చిన్నప్పుడు చుట్టూ నిలబడి చూసేవాళ్లం. పేరు వినగానే బెదిరిపోనక్కర్లేదు అనడానికే చెబుతున్నా.

పిట్స్‌బర్గ్_పద్మ
దీపావళి చిచ్చుబుడ్డీ నిప్పే, క్వారీలో పేల్చే మందూ నిప్పే అన్నట్టుంది అన్నా.

ఇర్వింగ్_గంట
2015 జనవరిలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఒక్క రోజులో భూప్రకంపనలు వరసగా వచ్చాయి, పెద్దదాని తీవ్రత 3.6. పూజ షెల్ఫ్‌లో గంట దానంతటదే మోగింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ గంట కింద పెట్టే పడుకుంటుంది. దీనికేం చెబుతారు రిగ్గు అన్నా?

రిగ్గు_మనిషి
అది ఫ్రాకింగ్ కాదు. గ్యాస్‌తో పాటు బావిలోంచి ఉప్పునీళ్లు వస్తాయి, సముద్రపు నీళ్లకంటే ఎక్కువ ఉప్పు. వాటిని వేరే లోతైన బావుల్లోకి పంపిస్తారు. ఆ నీళ్లు పాత భ్రంశాల (నేల లోపలి రాతి చీలికల) దగ్గర ఒత్తిడి పెంచితే భూమి కదులుతుంది. ఫోర్ట్‌వర్త్ పక్కన ఏజెల్ ప్రకంపనల్ని డాలస్‌లోని ఎస్‌ఎంయూ యూనివర్సిటీ వాళ్లు 2015లో దీనితోనే ముడిపెట్టారు. ఇర్వింగ్ సంగతి మీద ఇంకా వాదన ఉంది. ఓక్లహోమాలో మాత్రం వాదనకు చోటు లేదు: అంతకుముందు 3 దాటినవి ఏడాదికి ఒకటో రెండో, 2015లో 900 దాకా. 2016లో పానీ అనే ఊళ్లో 5.8 వచ్చింది. నీళ్లు దించడం తగ్గించాక తగ్గాయి.

ఇర్వింగ్_గంట
పెళ్లి భోజనం మాదే, ఎంగిలాకులు మావి కావు అన్నట్టుంది. ఫ్రాకింగ్ లేకపోతే అన్ని నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి?

రిగ్గు_మనిషి
ఓక్లహోమాలో ఆ నీళ్లలో ఎక్కువ శాతం ఫ్రాకింగ్‌వి కావు, పాత ఆయిల్ పొరల్లో సహజంగా ఉన్నవే. కానీ మీ ఎంగిలాకుల మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

కోనసీమ_కొబ్బరాకు
మాది పాశర్లపూడికి రెండు ఊళ్ల అవతల. 1995 జనవరి 8న గ్యాస్ బావి అంటుకుంది, 65 రోజులు మండింది. రాత్రి పూట దీపం లేకుండా పుస్తకం చదివాను, అబద్ధం కాదు. ఆ హోరుకు గేదెలు పాలు చేపలేదని మా నాన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది. 300 గజాలు అంటున్నావు తమ్ముడూ, వద్దు.

రిగ్గు_మనిషి
అది బ్లోఅవుట్ అండీ. తవ్వుతుండగా ఒత్తిడి అదుపు తప్పింది. ఫ్రాకింగ్‌కూ దానికీ సంబంధం లేదు.

కోనసీమ_కొబ్బరాకు
తెలుసు సార్. 2014లో మా నగరం గ్రామంలో పేలింది పైపులైను, అదీ ఫ్రాకింగ్ కాదు. ప్రతిసారీ "అది ఇది కాదు" అనే మాట మాత్రం మాకు అలవాటైంది. పక్కన ఉండేవాడికి వచ్చే ప్రమాదానికి పేరు ఏదైతేనేం?

డాలర్_శేషు
అందరూ ఒకవైపే వాయిస్తున్నారు. 2005లో అమెరికా కరెంటులో సగం బొగ్గుది, 2023కి 16 శాతం. ఆ చోటు ఎక్కువగా నింపింది ఈ గ్యాసే. టెక్సాస్‌లో బావుల మీద స్కూళ్లకు పన్ను వస్తుంది. యూటీ ఆర్లింగ్టన్‌లో మనవాళ్లు ఎందరు చదివారు? ఆ క్యాంపస్ స్థలంలోనే గ్యాస్ బావులున్నాయి, రాయల్టీ యూనివర్సిటీకి వెళ్తుంది. 2018 నుంచి గెయిల్ లూసియానా నుంచి ఓడల్లో గ్యాస్ తెప్పించుకుంటోంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగించి, బావి మాత్రం ఇంకొకరి పెరట్లో ఉండాలంటే ఎలా?

టైటిల్_సుబ్బు
శేషూ, రాయల్టీ ఎవరికి అన్నదే అసలు గొడవ. ఇండియాలో భూమి కింది గ్యాస్ ప్రభుత్వానిది. ఇక్కడ అది ప్రైవేటు ఆస్తి, పైనున్న ఇంటి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. టెక్సాస్ చట్టంలో కింది హక్కుదే పైచేయి. వాడికి కావలసినంత మేర నీ నేలను వాడుకునే హక్కు ఉంటుంది. కొత్త కాలనీల్లో బిల్డరో, అంతకుముందు రైతో మినరల్స్ (భూమి కింది హక్కులు) తన దగ్గరే ఉంచుకుని ఇల్లు మాత్రం అమ్ముతాడు. నేను టైటిల్ పేపర్లు (ఆస్తి హక్కు కాగితాలు) చూసే పనిలో ఉన్నాను. మనవాళ్లు వాస్తు చూసినంత శ్రద్ధగా, మినరల్స్ ఎవరివో రాసి ఉండే ఆ ఒక్క పేజీ చూడరు.

డెంటన్ సంగతి తెలియనివాళ్లకు: 2013లో కొత్త బావి ఇళ్లకు 1,200 అడుగుల దూరం ఉండాలన్నారు. పాత అనుమతులున్నవాళ్లు మాకు వర్తించదన్నారు. దాంతో జనం కడుపుమండి 2014 నవంబర్ 4న ఊళ్లో ఫ్రాకింగే వద్దని ఓటేశారు, దాదాపు 59 శాతం. ఏడు నెలలు తిరక్కుండా రాష్ట్రం హెచ్‌బీ 40 అనే చట్టం తెచ్చింది. ఏ ఊరికీ అలా నిషేధించే అధికారం లేదంది. 2015 జూన్‌లో డెంటన్ తన నిషేధాన్ని తనే ఎత్తేసుకుంది. బావుల మీద అధికారం ఉన్న సంస్థ పేరు రైల్‌రోడ్ కమిషన్, దానికి ఇప్పుడు రైళ్లతో పనే లేదు. పెరట్లో బావి ఉండటం కంటే, వద్దనే నోరు లేకపోవడం నాకు ఎక్కువ మంట.

పిట్స్‌బర్గ్_పద్మ
పాప ఉందన్నారు కాబట్టి ఇది చదవండి. పెన్సిల్వేనియాలో 11 లక్షల కాన్పుల మీద 2017లో వచ్చిన అధ్యయనం: బావికి కిలోమీటరు లోపు ఉన్న తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టే అవకాశం 25 శాతం పెరిగింది, 3 కిలోమీటర్లు దాటితే తేడా లేదు. 2023లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు బావికి మైలు లోపు ఉండే పిల్లల్లో లింఫోమా అనే క్యాన్సర్ 5 నుంచి 7 రెట్లు అన్నారు. అది అరుదైన జబ్బు, లుకేమియాతో (రక్త క్యాన్సర్‌తో) మాత్రం సంబంధం కనిపించలేదు, ఇదీ చెప్పాలి. ఆస్తమా సంగతి మీ ఏజెంటుకు చెప్పండి: ఎటాకులు 4, 5 రెట్లు పెరిగింది ఫ్రాకింగ్ చేసే రోజుల్లో కాదు, గ్యాస్ తీస్తూ ఉండే కాలంలో. అంటే "ఇప్పుడేం ఉండదు" అన్న కాలంలో.

రిగ్గు_మనిషి
పద్మగారి లెక్కలతో నాకు పేచీ లేదు. అక్కడి బావులూ ఇక్కడివీ ఒకటి కాదు అనొచ్చు, కానీ నా కూతురుంటే నేను 300 గజాల్లో కొనను. ఇంకోటి, పాత బావికి మళ్లీ ఫ్రాకింగ్ చేయొచ్చు. చేస్తే రాత్రింబవళ్లు పంపులు, వందల లారీలు. రైల్‌రోడ్ కమిషన్ మ్యాప్‌లో బావి మీద నొక్కితే వివరాలొస్తాయి. గేటు మీది బోర్డులో నంబరుంటుంది.

కొత్తింటి_వేట
అందరికీ థాంక్స్. నిన్న ఆఫీసయ్యాక మళ్లీ వెళ్లాం. బోర్డు ఫొటో తీసి మ్యాప్‌లో చూశా: ఆ గోడ లోపల ఒకటి కాదు, మూడు బావులు. ఫెన్స్ దగ్గర నిలబడితే ఫ్రిజ్ మోగినట్టు సన్నగా మోత. నాకు వాసనేం రాలేదు, మా ఆవిడ వచ్చిందంటుంది. సుబ్బుగారు చెప్పిన పేజీ తెప్పించా, మినరల్స్ మొత్తం పాత యజమాని పేరు మీదే ఉంచుకున్నట్టు రెండు లైన్లు. మేం అడక్కుండానే సెల్లర్ ధర 8 వేల డాలర్లు తగ్గించాడు. ఆప్షన్ పీరియడ్ (కొనకుండా వెనక్కి తగ్గడానికి ఉన్న గడువు) గురువారం సాయంత్రం 5కి అయిపోతుంది. అమ్మకు ఇంకా బావి సంగతి చెప్పలేదు.